బడి, భాష, కులం – 9 : 'ఇస్కూలు' అన్న నోటిది తప్పు కాదు

ఇంగ్లీషు మీడియం వచ్చింది. ఇంగ్లీషు రాలేదు. ఈ రెండు వాక్యాల మధ్య ఏం జరిగిందో ఇవాళ మాట్లాడుకుందాం.

మిత్రులారా, ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో జీవో 81 వచ్చినప్పుడు మనం ఎంత కొట్లాడామో మీకు గుర్తుంది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడు ఎంత రగిలిపోయామో కూడా గుర్తుంది. తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. సొంత పిల్లల్ని కాన్వెంటుకు పంపి, మన పిల్లలకు తెలుగు తీపి గురించి హితబోధ చేసిన పెద్దమనుషుల్ని మనం వదిలిపెట్టలేదు. ఆ కొట్లాట న్యాయమైంది. నేను ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను.

అయితే మీడియం అనేది తలుపు మాత్రమే. తలుపు తెరిచాక లోపల మన పిల్లకి ఏం పెడుతున్నారన్నది తర్వాతి ప్రశ్న. ఆ ప్రశ్న ఎవరూ అడగడం లేదు.

లోపల జరిగేది ఇది. టీచరు బోర్డు మీద మాట రాస్తారు. పిల్లలు కోరస్‌గా 'బి యు టి బట్, పి యు టి పుట్' అంటారు. ఒకే 'యు' ఒకచోట 'అ', ఇంకోచోట 'ఉ' ఎందుకైందని ఏ పిల్లయినా అడిగితే 'ఇంగ్లీషు అంతే, బట్టీ పట్టు' అంటారు. పదేళ్లు బట్టీ పట్టిన పిల్లలు డిగ్రీకి వస్తారు. దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. గైడులో ఉన్న వ్యాసం అక్షరం పొల్లుపోకుండా దింపేస్తారు. ఎప్పుడూ చూడని ఒక ఇంగ్లీషు మాట ముందు పెడితే మాత్రం నోరు మెదపరు. వాళ్లకి మాటలు ఇచ్చారు, మాట విప్పే తాళంచెవి ఇవ్వలేదు. ఆ తాళంచెవి రెండు పళ్లది. ఒకటి ధ్వని, రెండోది పదనిర్మాణం. ఏ ధ్వని నోట్లో ఎక్కడ పుడుతుంది, పక్క ధ్వనిని ఎలా మారుస్తుంది అన్నది మొదటిది. మాట ఏ ముక్కలతో తయారైంది అన్నది రెండోది.

తెలుగు లెక్చరర్‌కి ఇంగ్లీషు పాఠాలతో పనేంటని మీరు అడగొచ్చు. పనుంది. ఆ తాళంచెవి తయారుచేసే ఇనుము మన పిల్లల నోట్లో, మన తెలుగు వ్యాకరణంలో ముందే ఉంది. ఎవరూ తీసి చూపించడం లేదు.

వికృతి అని పేరు పెట్టిందెవరు?

ఒకటో తరగతి పిల్లాడు 'ఇస్కూలు' అంటాడు. 'ఇస్టేషను' అంటాడు. క్లాసంతా నవ్వుతుంది. ఒక్కోసారి టీచరు కూడా నవ్వుతారు. ఆ నవ్వు దగ్గరే చాలామంది పిల్లల ఇంగ్లీషు ఆగిపోతుంది. నోరు విప్పకపోతే ఎవరూ నవ్వరు కదా.

అసలా 'ఇ' ఎందుకొచ్చింది? తెలుగు నోటికి మాట మొదట్లోనే రెండు హల్లులు కలిసి రావడం పడదు. క్రింద, ప్రొద్దు, బ్రతుకు, త్రాగు లాంటివి కొన్ని ఉన్నా, జనం నోట అవి కింద, పొద్దు, బతుకు, తాగు అయిపోయాయి. అలాంటి నోటికి 'స్కూల్' అనే మాట అందిస్తే అది ముందు ఒక అచ్చు తగిలించుకుంటుంది. మాట హల్లుతో ఆగిపోవడం కూడా తెలుగుకి అలవాటు లేదు కాబట్టి చివర 'ఉ' చేరుస్తుంది. ఇస్కూలు తయారు. ఇది తెలివితక్కువతనం కాదు, భాషా సూత్రం పనిచేసిన తీరు.

ఇదే పని సంస్కృతం మాటల మీద జరిగితే మనం దానికి మార్కులు వేస్తున్నాం. పదో తరగతి తెలుగు పేపర్లో ప్రకృతి–వికృతి అని ప్రశ్న ఉంటుంది. శ్రీ – సిరి. స్నేహం – నెయ్యం. స్తంభం – కంబం. ద్వీపం – దీవి. ప్రయాణం – పయనం. మొదట్లో ఉన్న రెండు హల్లుల్ని తెలుగు నోరు విడదీసిందో, ఒకదాన్ని వదిలేసిందో, అంతే. కవి 'సిరి' అంటే సొగసు. మన పిల్లాడు 'ఇస్కూలు' అంటే నవ్వు. సూత్రం ఒకటే, మనిషే వేరు. పైగా జనం నోట మారిన మాటకి మన పండితులు పెట్టిన పేరు చూడండి, 'వికృతి'!

స్పెయిన్ వాళ్లు బడిని 'ఎస్కువేలా' అంటారు. ఫ్రాన్సు వాళ్లు 'ఎకోల్' అంటారు. ఇంగ్లీషు 'స్కూల్'కీ ఈ రెండింటికీ మూలం ఒకే లాటిన్ మాట. దానికి ముందు వాళ్లు ఒక అచ్చు తగిలించారు. మన పిల్లాడు చేసిందే ఒక దేశం మొత్తం చేస్తే అది ప్రామాణిక భాష అయింది. పల్లెలో ఒక్కడు చేస్తే మొరటు అయింది.

మరి ఇస్కూలు దగ్గరే వదిలేద్దామా? వద్దు. కారణం తెలిస్తే వైద్యం సులువు. పాము బుసకొట్టినట్టు 'స్‌స్‌స్' అని సాగదీయించి, ఊపిరి ఆపకుండా 'కూల్' అనిపించండి. ముందు అచ్చు రాకుండా ఉండటానికి 'స్' సాగదీయడమే మందు. రెండు రోజుల పని. నవ్వితే మాత్రం పదేళ్లయినా కాదు.

శాస్త్రం ఎవరికి, శిక్ష ఎవరికి?

ఈ దేశంలో ధ్వనుల శాస్త్రం కొత్తది కాదు. వేదాంగాలు ఆరు. వాటిలో ఉచ్చారణ శాస్త్రం పేరు 'శిక్ష'. ఏ ధ్వని గొంతులో పుడుతుంది, ఏది దవడలో, ఏది పళ్ల దగ్గర, ఏది పెదవుల దగ్గర అని కొలిచి చెప్పిన శాస్త్రం అది. క, చ, ట, త, ప అని మనం దిద్దే వరస గొంతు నుంచి పెదవుల దాకా నడిచి వచ్చే దారి. ఇంత గొప్ప అమరిక ఇంగ్లీషు ఎ బి సి డిలకు లేదు.

అయితే ఆ శాస్త్రం ఎవరి కోసం? వేదం విన్న శూద్రుడి చెవుల్లో సీసం, లక్క కరిగించి పోయమని గౌతమ ధర్మసూత్రం చెప్పింది. చెవి మూసేశాక ధ్వని శాస్త్రం ఎక్కడిది? ఒకే మాట చూడండి. వాళ్లకి 'శిక్ష' అంటే ఉచ్చారణ శాస్త్రం, మనకి 'శిక్ష' అంటే దండన. ఈనాటి క్లాసుల్లోనూ అదే నడుస్తోంది. 'శంకరయ్య'ని 'సంకరయ్య' అన్న పిల్లని తెలుగు క్లాసులో నిలబెడతారు. 'ఒత్తు పలకదు, నీ నాలిక మందం' అంటారు. అచ్చ తెలుగు మాటల్లో ఒత్తు అక్షరాలే లేవని మన వ్యాకరణాలే చెప్పాయి. అది దాచిపెడతారు. తెలుగు పీరియడ్‌లో మొదలైన ఈ అవమానమే ఇంగ్లీషు పీరియడ్‌లో కొనసాగుతుంది. బెత్తం అదే, చెయ్యి మారుతుందంతే.

అందుకే ఆ శాస్త్రాన్ని మన చేతుల్లోకి తీసుకోవాలంటున్నాను. అది ఎవరి సొత్తూ కాదు. నోరున్న ప్రతి మనిషిదీ.

పరుషాలు, సరళాలు పనికొచ్చే చోటు

'క్యాట్' బహువచనం 'క్యాట్స్'. 'డాగ్' బహువచనం 'డాగ్జ్'. 'బస్' బహువచనం 'బసిజ్'. రాసేది ఒకే 'ఎస్', పలికేది మూడు రకాలు. ఈ సంగతి మన బడుల్లో ఎంతమంది పిల్లలకు చెప్తున్నారు?

చెప్పడానికి పెద్ద లాంగ్వేజి ల్యాబు అక్కర్లేదు. క చ ట త ప పరుషాలు, గ జ డ ద బ సరళాలు అని ప్రతి తెలుగు పిల్లా చదువుతుంది. సరళాదేశ సంధి అని మార్కుల కోసం బట్టీ పడుతుంది. గొంతు మీద వేళ్లు ఆనించి 'స్‌స్‌స్' అనమనండి, గొంతు కదలదు. 'జ్‌జ్‌జ్' అని తుమ్మెదలా ఝుమ్మనమనండి, గొంతు అదురుతుంది. ఆ అదురే తేడా. క్యాట్ చివర ఉన్నది పరుషం, గొంతు అదరదు, దాని వెనక వచ్చే ధ్వనీ అదరదు. డాగ్ చివర ఉన్నది సరళం, గొంతు అదురుతుంది, వెనక వచ్చే ధ్వని కూడా అదురుతుంది. బస్ చివర ముందే బుస ఉంది కాబట్టి రెండు బుసల మధ్య ఒక అచ్చు దూరింది. జరిగిన కాలం చెప్పే 'ఇ డి' కూడా అంతే. 'వాక్'కి చేరితే 'ట్', 'ప్లే'కి చేరితే 'డ్', 'వాంట్'కి చేరితే 'ఇడ్'. మూడు వేర్వేరు సంగతులు కావు, ఒకే సూత్రం.

ఒకే ప్రత్యయం రెండు వేషాలు వేయడం మన పిల్లలకు కొత్త కాదు. తల్లికి, అన్నకు. నదికి, చెట్టుకు. ఇకారం తర్వాత 'కు' కాస్తా 'కి' అవుతుందని చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం రాశాడు. ఆ సూత్రం ఎన్నడూ వినని మన అమ్మలు పుట్టినప్పటి నుంచీ దాన్ని పాటిస్తున్నారు. వ్యాకరణం పుస్తకంలో పుట్టలేదు, నోట్లో పుట్టింది. ఈ ఒక్క మాట పిల్లకి అర్థమైతే ఇంగ్లీషు వ్యాకరణమన్నా భయం పోతుంది.

సున్న చేసే పని

ఇంకొకటి చూద్దాం. పంకా, పంచు, పండు, పంతులు, పంపు. అయిదింటిలోనూ రాసేది ఒకే సున్న. నెమ్మదిగా పలికి చూడండి. 'పంపు'లో పెదవులు మూసుకుంటాయి, 'మ' వినిపిస్తుంది. 'పంతులు'లో నాలిక పళ్లకు తగులుతుంది, 'న' వినిపిస్తుంది. 'పండు'లో నాలిక పైకి మడతపడుతుంది. 'పంకా'లో ధ్వని గొంతు దగ్గరే ఉండిపోతుంది. ముందు రాబోయే హల్లు కోసం సున్న తన చోటు మార్చుకుంటుంది.

ఇప్పుడు ఇంగ్లీషు. కాదు అని చెప్పే 'ఇన్' అనే ముక్క 'కరెక్ట్'కి చేరితే ఇన్‌కరెక్ట్. 'పాసిబుల్'కి చేరితే ఇంపాసిబుల్. ఎందుకు? 'ప' పెదవుల ధ్వని కాబట్టి 'న' పెదవుల దగ్గరికి వచ్చి 'మ' అయింది. మన పంపులో జరిగిందే. 'లీగల్'కి చేరితే ఇల్లీగల్, 'రెగ్యులర్'కి చేరితే ఇర్రెగ్యులర్. ఉత్ + లాసం ఉల్లాసం అయినట్టే. సంధుల పాఠం చెప్పే తెలుగు మాస్టారూ, ఇంగ్లీషు మేడమూ ఒకే స్టాఫ్ రూములో కూర్చుని టీ తాగుతారు. ఇద్దరూ ఒకే సంగతి చెప్తున్నామని ఒకరికొకరు చెప్పుకోరు. నాలుగు మాటలుగా బట్టీ పట్టిన పిల్లకి అది నాలుగు బరువులు. సూత్రం తెలిసిన పిల్లకి అది ఒకే సంగతి.

'సి' అక్షరం సంగతీ అంతే. 'క్యాట్'లో క, 'సిటీ'లో స. ఇంగ్లీషుకి తిక్క అని తిట్టుకుంటాం. మన 'చ' ఏం చేస్తోంది? చింత, చీర, చెరువు అన్నప్పుడు ఒక చ. చాట, చుక్క, చొప్ప అన్నప్పుడు ఇంకో చ. జీడిలో జ వేరు, జొన్నలో జ వేరు. పాత పుస్తకాల్లో ఈ రెండో చ, జల మీద చిన్న గుర్తు వేసేవారు, తర్వాత అదీ పోయింది. అచ్చ తెలుగు మాటల్లో పక్కన ఇ, ఎ ఉంటే ఒకలా, అ, ఉ, ఒ ఉంటే ఇంకోలా పలుకుతాం. ఇంగ్లీషు 'సి' కూడా ఐ, ఇ, వై ముందు 'స' అవుతుంది, ఎ, ఒ, యు ముందు 'క' అవుతుంది. పక్కన ఉన్న అచ్చుని బట్టి హల్లు తన చోటు మార్చుకుంటుంది. మనిషి నాలిక మాలపల్లెలో అయినా మాంచెస్టర్‌లో అయినా చేసే పని అదే. జొన్నలో 'జ'ని నాలిక పూర్తిగా ఆనించకుండా సాగదీయండి, ఇంగ్లీషు 'జూ'లో 'జ' వచ్చేస్తుంది. మన తిండిగింజలోనే ఆ ధ్వని ఉంది.

అంటరానితనం అనే మాటని విప్పుదాం

ఇక పదనిర్మాణం. మన పిల్లలకు నేర్పాల్సిన మాట ఒకటుంది. 'అన్‌టచబిలిటీ'. హైస్కూలు పిల్లకి ఇది కొండంత మాట. స్పెల్లింగు చూస్తేనే కళ్లు తిరుగుతాయి. విప్పి చూపించండి.

నడుమ 'టచ్', తాకడం. దాని వెనక 'ఏబుల్', తగిన. ముందు 'అన్', కాదు. చివర 'ఇటీ', తనం. అన్ + టచ్ + ఏబుల్ + ఇటీ. తెలుగులో అంట + రాని + తనం. ఇంగ్లీషు కాదనే ముక్కని ముందు పెట్టింది, తెలుగు నడుమ పెట్టింది. చివర ఉన్న 'తనం', 'ఇటీ' అన్నదమ్ముల్లాంటివి. 'ఇటీ' వచ్చి చేరగానే 'ఏబుల్' కాస్తా 'ఎబిల్' అయింది. 'ఇల్లు'కి 'లో' చేరితే 'ఇంటిలో' అయినట్టు.

ఈ ఒక్క మాట విప్పితే పిల్ల చేతికి ఎన్ని వస్తాయో చూడండి. 'అన్' వచ్చింది కాబట్టి అన్‌ఫెయిర్, అన్‌ఈక్వల్, అన్‌ఎంప్లాయ్డ్ వచ్చాయి. 'ఏబుల్' వచ్చింది కాబట్టి రీడబుల్, వాషబుల్ వచ్చాయి. 'ఇటీ' వచ్చింది కాబట్టి ఈక్వాలిటీ, రియాలిటీ, మెజారిటీ, మైనారిటీ వచ్చాయి. ఒక మాట కాదు, ఒక కుటుంబం వచ్చింది. రాజ్యాంగం 17వ అధికరణ రద్దు చేసిన మాట ఇది. ముందూ వెనకా తగిలించిన ముక్కలన్నీ ఊడదీస్తే లోపల మిగిలేది 'టచ్' ఒక్కటే, మనిషిని మనిషి తాకడం. పద విభజన చేస్తూనే పిల్లకి ఈ మాట చెప్పండి. మర్చిపోదు.

ఎడ్యుకేట్ – ఎడ్యుకేషన్. ఎజిటేట్ – ఎజిటేషన్. ఆర్గనైజ్ – ఆర్గనైజేషన్. బాబాసాహెబ్ మనకిచ్చిన మూడు క్రియలు. మూడింటికీ 'షన్' చేరితే మూడు నామవాచకాలు. రిజర్వ్ – రిజర్వేషన్, రిప్రజెంట్ – రిప్రజెంటేషన్, డిస్క్రిమినేట్ – డిస్క్రిమినేషన్. మన గోడ మీద ఉన్న నినాదమే మన వ్యాకరణ పాఠం.

'సైన్' అనే మాటలో 'జి' ఎందుకు రాస్తారు, పలకనప్పుడు? 'సిగ్నేచర్', 'సిగ్నల్' చూడండి. అక్కడ అది పలుకుతుంది. చుట్టరికం తెలియడానికి ఆ అక్షరం ఉంచారు. ఇంగ్లీషు స్పెల్లింగు ధ్వనిని మాత్రమే రాయదు, మాట పుట్టుకని కూడా రాస్తుంది. ఈ సంగతి చెప్పకుండా 'జి సైలెంట్' అని ఊరుకుంటే పిల్లకి అది పిచ్చి. చెప్తే అది చరిత్ర.

ఎవరిలా మాట్లాడాలి?

మిత్రుల్లో కొందరంటారు: 'ఉచ్చారణ నేర్పడమంటే మళ్లీ తెల్లోడి యాసకి సాగిలపడటమే కదా!' మంచి ప్రశ్న. నేను అడుగుతున్నది లండన్ యాస కాదు.

మన హైదరాబాదులోనే 1958లో ఇంగ్లీషు బోధన కోసం కేంద్ర సంస్థ పెట్టారు. ఇప్పటి ఇఫ్లూ అదే. అక్కడ ఆర్.కె. బన్సల్ భారతీయుల ఇంగ్లీషు ఇతరులకు ఎంతవరకు అర్థమవుతోందని పరిశోధించి 1969లో పుస్తకం వేశారు. మాటలో ఏ అక్షరం మీద బలం పెట్టాలో తప్పితే వినేవాళ్లకి అర్థం కాకుండా పోతోందని అందులో తేలింది. 2000లో జెన్నిఫర్ జెంకిన్స్ అనే బ్రిటిష్ పరిశోధకురాలు ఇంకో మాట చెప్పారు. వేర్వేరు దేశాల వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడుకునేటప్పుడు 'థింక్', 'దిస్'లలోని ధ్వనులు అచ్చం తెల్లవాళ్లలా పలక్కపోయినా ఇబ్బంది లేదు. అచ్చుల పొడవు, పొట్టి తేడా మాత్రం పోకూడదు. మాట మొదటి హల్లులు మింగేయకూడదు. 'షిప్'కీ 'షీప్'కీ తేడా అంటే హ్రస్వానికీ దీర్ఘానికీ తేడా. కల, కాల తేడా తెలిసిన తెలుగు పిల్లకి అది పుట్టుకతో వచ్చిన ఆస్తి. ఇస్కూలు అన్న పిల్లాడు కూడా హల్లుని మింగలేదు, అచ్చు చేర్చాడు. కాబట్టి లక్ష్యం అవతలివాడికి అర్థం కావడం, మన పిల్ల తనంతట తాను చదవగలగడం. అంతకుమించి యాస మార్చుకోనక్కర్లేదు.

ఐటీ కంపెనీల ఇంటర్వ్యూల్లో 'ఎంటీఐ' అని ఒక మాట వాడతారు. మాతృభాష ప్రభావం అని దానర్థం, అదేదో జబ్బయినట్టు. మాతృభాష ప్రభావం లేని మనిషి భూమ్మీద లేడు. ఏ తల్లి భాష ప్రభావం కమ్మగా వినిపిస్తుంది, ఏ తల్లి భాష ప్రభావం కంపుగా వినిపిస్తుంది అన్నదే అసలు ప్రశ్న. మన పిల్లలకు ధ్వని శాస్త్రం నేర్పమనడానికి ఇదీ ఒక కారణం. తన నోటి సంగతి తనకి తెలిసిన మనిషిని ఎవరూ తేలిగ్గా సిగ్గుపరచలేరు.

నల్లవాళ్ల నుంచి నేర్చుకోవాల్సింది

ఈ కొట్లాట మనమొక్కళ్లమే చేయడం లేదు. 1972లో దళిత్ పాంథర్స్ తమ పేరుని అమెరికా బ్లాక్ పాంథర్స్ నుంచి తీసుకున్నారు. భాష విషయంలోనూ అక్కడ చూడాల్సినవి రెండున్నాయి.

మొదటిది 1974 నాటి లావ్ కేసు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంగ్లీషు రాని చైనా మూలాల పిల్లలు దాదాపు 1,800 మందికి ఏ అదనపు బోధనా లేకుండా ఇంగ్లీషు క్లాసుల్లో కూర్చోబెట్టారు. అందరికీ ఒకే పుస్తకం, ఒకే టీచరు ఇచ్చాం కదా అంటే అది సమానత్వం కాదని అమెరికా సుప్రీంకోర్టు తేల్చింది. అర్థం కాని భాషలో కూర్చోబెట్టడం చదువు చెప్పడం కాదు. మన ఇంగ్లీషు మీడియం జీవోల పక్కన ఈ తీర్పు పెట్టి చదవండి.

రెండోది 1979 నాటి ఆన్ ఆర్బర్ కేసు. మిషిగన్ రాష్ట్రంలో పేద నల్ల పిల్లలు ఇంట్లో మాట్లాడే ఇంగ్లీషుని బడి లెక్కచేయలేదు. చదవలేకపోతే వాళ్లకి బుద్ధిమాంద్యం లాంటి ముద్రలు వేశారు. తల్లులు కోర్టుకెళ్లారు. భాషాశాస్త్రవేత్తలు జెనీవా స్మిథర్‌మన్, విలియం లబోవ్ లాంటివాళ్లు వచ్చి, ఆ పిల్లల భాషకి సొంత ధ్వనులూ సూత్రాలూ ఉన్నాయని సాక్ష్యం చెప్పారు. టీచర్లు ఆ ఇంటి భాషని తెలుసుకుని, దాన్ని ఆసరాగా చేసుకుని చదవడం నేర్పే ఏర్పాటు చేయాలని జడ్జి ఆదేశించారు. గమనించండి, తల్లులు మా పిల్లలకు ఇంగ్లీషు వద్దు అనలేదు. మా పిల్లల నోటిని తప్పు అనకుండా ఇంగ్లీషు నేర్పండి అన్నారు. మనం అడగాల్సింది సరిగ్గా అదే.

ఇంగ్లండులో అయితే ఇంగ్లీషే తల్లిభాష అయిన పిల్లలకు కూడా ధ్వనుల నుంచి చదువు మొదలుపెడతారు. 2012 నుంచి ఒకటో క్లాసు పిల్లలందరికీ 40 మాటలతో ఒక పరీక్ష పెడుతున్నారు. అందులో సగం అర్థంలేని కల్పిత మాటలు. బట్టీ పట్టి చదువుతోందా, ధ్వనులు కలుపుకుని చదువుతోందా తెలియడానికి. వాళ్ల పిల్లలకే అంత జాగ్రత్త కావాల్సి వస్తే, ఇంట్లో ఇంగ్లీషు ముక్క వినని మన పిల్లలకు 'బి యు టి బట్' చాలా?

ఏం అడగాలి, ఏం చేయాలి?

'ఇంగ్లీషు మీడియం క్లాసులో తెలుగు మాట వినపడకూడదు' అనే వాదన మన వైపు నుంచి కూడా వస్తోంది. దాన్ని వదిలేద్దాం. ఇంట్లో ఇంగ్లీషు ఉన్న పిల్లకి ఆ పద్ధతి నడుస్తుంది. లేని పిల్లకి అది మెట్లు లేని మేడ. తెలుగు మెట్టు. మెట్టెక్కితే తెలుగు చావదు, ఇంగ్లీషు దొరుకుతుంది. అటు తెలుగుకి ప్రమాదం అని గుండెలు బాదుకునేవాళ్లకీ ఇదే జవాబు.

డీఎడ్, బీఎడ్ చదువుల్లో తెలుగు, ఇంగ్లీషు ధ్వనులు పక్కపక్కన పెట్టి చూపే ఒక పూర్తి పేపరు ఉండాలి. అందులో పుస్తకాల తెలుగే కాదు, పల్లె తెలుగు, లంబాడీ, కోయ, గోండి, సవర పిల్లల భాషలూ ఉండాలి. గిడుగు రామమూర్తి వందేళ్ల కిందటే సవరల ధ్వనుల్ని వాళ్ల నోటి నుంచి విని రాసి, వాళ్ల భాషలోనే చదువు చెప్పించాడు. ఇప్పటి టీచరుకి అసాధ్యమేమీ కాదు. ఒకటి, రెండు తరగతుల్లో అక్షరాల కంటే ముందు ధ్వనులు నోటితో ఆడించాలి. ఆరో తరగతి నుంచి రోజూ పది నిమిషాలు ఒక మాట విప్పి చూపించాలి. తెలుగు టీచరూ ఇంగ్లీషు టీచరూ కలిసి సంధి పాఠం చెప్పాలి. ఉచ్చారణని వెక్కిరించడాన్ని కులం పేరుతో తిట్టినంత తీవ్రంగా చూడాలి. చాలాసార్లు అది అదే.

ప్రభుత్వం చేసేదాకా ఆగనక్కర్లేదు. విద్యార్థి మిత్రులారా, ఇది మీ పని కూడా. మీ ఊళ్లో అంబేద్కర్ భవనం ఉంటుంది. హాస్టల్లో ఒక వరండా ఉంటుంది. ఆదివారం ఒక గంట చాలు. పిల్లల్ని కూర్చోబెట్టి గొంతు మీద వేళ్లు ఆనించమని 'క్యాట్స్', 'డాగ్జ్' అనిపించండి. బోర్డు మీద 'అన్‌టచబిలిటీ' రాసి నాలుగు ముక్కలు చేయించండి. వచ్చే వారం 'డిస్క్రిమినేషన్' తీసుకోండి. ఆ తర్వాత రాజ్యాంగ పీఠికలోని మాటలన్నీ ఒక్కొక్కటిగా. పీఠిక అయ్యేసరికి ఆ పిల్లలు ఇంగ్లీషు పేపరు తెరిచి, తెలియని మాట దగ్గర ఆగి, భయపడకుండా విప్పి చూసుకుంటారు.

వచ్చే భాగంలో హాస్టల్ లైబ్రరీల గురించి మాట్లాడుకుందాం. అక్కడ బీరువాలకు తాళాలు ఎందుకున్నాయో.

జై భీమ్.